తాతలు, మనవలు, రహిమ్ బంధం

నంద్యాలలో ఒకే వీధిలో రెండు ముస్లిం ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒక ఇంటి భాష దక్కనీ ఉర్దూ. ఆ ఇంటి పిల్లవాడు ‘అబ్బా’ అని పిలిస్తే తండ్రి పలుకుతాడు. రెండవ ఇల్లు దూదేకులవారిది. తరతరాలుగా పత్తి ఏకిన కుటుంబం, ఇంటి భాష తెలుగు. అక్కడ ‘అబ్బా’ అని పిలిస్తే పలికేది తాత. రాయలసీమ తెలుగులో అబ్బ అంటే తాత, అవ్వ అంటే నాయనమ్మ లేక అమ్మమ్మ. రెండిళ్ల పిల్లలు అరుగు మీద కలిసి ఆడుకుంటూ ఒకేసారి కేకవేస్తే ఒక గడపలోనుంచి తండ్రి, ఇంకొక గడపలోనుంచి తాత బయటికి వస్తారు.

ఇది కేవలం తమాషా విషయం కాదు. అరబీ నుండి తెలుగులోకి అనువాదం చేసేవానికి ఇది ప్రతిరోజూ ఎదురయ్యే చిక్కు. అరబీలో ‘అబ్’ అంటే తండ్రి. కాని దివ్య ఖుర్ఆన్ ఆ మాటను తాతకూ, ముత్తాతకూ, ఒకచోట పెదతండ్రికీ కూడా వాడింది. సూరా బఖరా 133వ ఆయత్‌లో హజ్రత్ యాఖూబ్ (అలై) తన అంత్యకాలంలో కుమారులను పిలిచి, నా తరువాత మీరు ఎవరిని ఆరాధిస్తారని అడిగిన సందర్భం ఉన్నది. కుమారులు బదులు చెబుతూ ఆయన ‘తండ్రులుగా’ ఇబ్రాహీమ్, ఇస్మాయీల్, ఇస్‌హాఖ్ (అలైహిముస్సలాం) పేర్లు వరుసగా చెప్పారు. వీరిలో ఇబ్రాహీమ్ ఆయనకు తాత, ఇస్మాయీల్ పెదతండ్రి, ఇస్‌హాఖ్ ఒక్కరే కన్నతండ్రి. సూరా యూసుఫ్‌లో చెరసాలలో ఉన్న హజ్రత్ యూసుఫ్ (అలై) కూడా తన ముత్తాతను, తాతను, తండ్రిని ఒకే మాటతో పేర్కొన్నారు.

ఈ మాటను తెలుగులో ఏమని వ్రాయాలి? ‘తండ్రులు’ అంటే ఒక మనిషికి ఇందరు తండ్రులేమిటని పాఠకుడు ఆగిపోతాడు. ‘తాతముత్తాతలు’ అంటే కన్నతండ్రి జారిపోతాడు. ‘పితరులు’ అంటే మన ప్రాంతంలో శ్రాద్ధాలు గుర్తుకు వస్తాయి. ‘పూర్వీకులు’ అంటే ఎప్పుడో పోయినవారి లెక్క, మంచం మీద కూర్చొని మనవడికి జొన్నరొట్టె తుంచి పెడుతున్న తాత అందులోకి రాడు. నేను పలుమార్లు వ్రాసి కొట్టివేసిన మాటల్లో ఇది ఒకటి. దూదేకుల ఇంటి ‘అబ్బ’ ఒక్కటే దీనికి కొంత దగ్గరగా వస్తుంది, కాని అది గ్రంథభాషలో ఎక్కలేదు.

ఈ ఒక్క పదం మీద ధర్మశాస్త్రంలో పెద్ద చర్చే నడిచింది. ఒక మనిషి సంతానం లేకుండా మరణించాడు. తండ్రి ముందే పోయాడు. తాత ఉన్నాడు, సోదరులూ ఉన్నారు. ఆస్తి ఎవరిది? హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) అభిప్రాయం స్పష్టమైనది: తండ్రి లేనప్పుడు తాతే తండ్రి, కనుక తండ్రి ఉంటే సోదరులకు ఎలా రాదో తాత ఉన్నా అలాగే రాదు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) మాత్రం తాతకూ సోదరులకూ కలిపి పంచాలన్నారు. ఇమామ్ అబూహనీఫా (రహ్మలై) మొదటి మాటను స్వీకరించారు. ఆయన శిష్యులైన ఇమామ్ అబూయూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌లూ, తక్కిన ముగ్గురు ఇమాములూ హజ్రత్ జైద్ పక్షం వహించారు. గురువు ఒక దారి, శిష్యులు ఇంకొక దారి పట్టిన ఈ మసలాను మదరసాలో చదివేనాడు మేము లెక్కల పాఠంగానే చదివాము. అడుగున ఉన్న ప్రశ్న మాత్రం లెక్కల ప్రశ్న కాదు: తాత అంటే తండ్రేనా, లేక తండ్రికి తండ్రి మాత్రమేనా?

తాత గురించి ఇంత చర్చ ఉండగా మనవల గురించి ఖుర్ఆన్‌లో మాట లేదా అని అడుగవచ్చు. ఉన్నది. సూరా నహల్ 72వ ఆయత్‌లో అల్లాహ్ మానవులకు ప్రసాదించిన వరాలను పేర్కొంటూ భార్యలను, వారి ద్వారా కుమారులను, ‘హఫదా’ను ఇచ్చినట్లు తెలియజేశాడు. చాలామంది వ్యాఖ్యాతలు ‘హఫదా’ అంటే మనవలు అని వ్రాశారు. సేవకులు, సహాయకులు అన్నవారూ ఉన్నారు, అల్లుళ్లు అన్నవారూ ఉన్నారు. ఈ భేదానికి కారణం ఆ పదం మూలంలోనే ఉన్నది. త్వరపడి, ఉత్సాహంతో పరుగెత్తి సేవచేయడం ఆ ధాతువుకు అర్థం. వితర్ నమాజులో మనం చదివే దుఆయె ఖునూత్‌ను గుర్తు చేసుకోండి. అందులో ‘నస్ఆ’ తరువాత వచ్చే ‘నహ్‌ఫిదు’ ఈ ధాతువు నుండి పుట్టినదే. నీ వైపునకే పరుగున వస్తాము, నీ సేవకు త్వరపడతాము అని ప్రతి రాత్రి అల్లాహ్‌తో విన్నవించుకునే మాట, మనవడిని పిలిచే మాట ఒకే వేరు నుండి వచ్చాయి. తాత చెంబు అడగకముందే తెచ్చి ఇచ్చే పిల్లవాడిని చూసినవారికి ఈ సంబంధం వేరే వివరించనక్కరలేదు.

ఇక ‘రహిమ్’ అనే మాట. దీనికి తల్లిగర్భం అని అర్థం. బంధుత్వమంతటికీ షరీఅత్ పెట్టిన పేరు అదే. బంధువులతో కలిసి మెలిసి ఉండడం ‘సిలయె రహిమీ’, తెంచుకోవడం ‘ఖతయె రహిమీ’. అల్లాహ్ తన పేరు ‘రహ్మాన్’ నుండి ఈ పదాన్ని తీశాడని, దీనిని కలిపి ఉంచినవానిని తానూ కలుపుకుంటానని, తెంచినవానిని తెంచివేస్తానని తెలిపినట్లు హదీసు ఉన్నది. తెలుగులో కూడా తోబుట్టువు, కడుపుతీపి, పేగుబంధం అనే మాటలున్నాయి. అరబీలో గర్భం ఎక్కడ ఉన్నదో మన తెలుగులో పేగు అక్కడ ఉన్నది. ‘పేగుబంధం’ అని వ్రాస్తే అవ్వలకు కూడా వెంటనే తెలుస్తుంది.

దైవప్రవక్త (స) జీవితాన్ని ఈ దృష్టితో చదివితే మొదట కనిపించేది ఒక తాత. ప్రవక్త పుట్టకముందే తండ్రి అబ్దుల్లాహ్ మరణించారు. ఆరేళ్ల వయస్సులో తల్లి ఆమినా కూడా పోయారు. అప్పుడు పిల్లవానిని అక్కున చేర్చుకున్నది తాత అబ్దుల్ ముత్తలిబ్. కాబా నీడలో ఆ పెద్దాయన కోసం ఒక పరుపు పరచేవారని, గౌరవంతో ఆయన కుమారులు కూడా దాని మీద కూర్చోకుండా చుట్టూ కూర్చునేవారని, పసివాడైన ముహమ్మద్ మాత్రం నేరుగా వచ్చి దాని మీద కూర్చునేవారని, పినతండ్రులు పక్కకు లాగబోతే తాత వారించి వీపు నిమిరేవారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఈ నీడ రెండేళ్లే నిలిచింది. ఎనిమిదో ఏట తాత కూడా కన్నుమూశారు. పోయేముందు ఆయన చేసిన పని, పిల్లవానిని కుమారుడు అబూతాలిబ్‌కు అప్పగించడం. తాను పోతే ఈ మనవడి గతి ఏమిటని ఆ తాత ముందే ఆలోచించాడు. ఈ విషయం పాఠకులు గుర్తుంచుకోవాలి, దీనితో మనకు పని ఉన్నది.

ఆ పిల్లవాడే తరువాత తాత అయ్యాడు. కుమార్తె జైనబ్ (రజి) బిడ్డ ఉమామాను భుజం మీద ఉంచుకొని ప్రవక్త (స) నమాజు చేయించారని బుఖారీ, ముస్లిం రెండింటిలోను ఉన్నది. సజ్దాకు వెళ్లేటప్పుడు దించేవారు, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. ఆడపిల్లను భారంగా చూసిన సమాజంలో, అందరూ వెనుక నిలబడి చూస్తుండగా, అదీ ఒక మనవరాలిని. ఒకసారి సజ్దా చాలా పొడవుగా సాగిందట. ఏమైనదోనని సహాబా కలవరపడ్డారు. నమాజు తరువాత తెలిసింది: మనవడు వీపెక్కాడు, వాడి సరదా తీరేదాకా లేపడం ఇష్టం లేక ఆగిపోయారు. ఇంకొకసారి హసన్, హుసైన్‌లు ఎర్ర చొక్కాలు తొడుక్కొని తడబడుతూ వస్తుంటే ఖుత్బా ఆపి మింబర్ దిగి వారిని ఎత్తుకొచ్చి తన ముందు కూర్చోబెట్టుకున్నారు. హసన్‌ను ముద్దాడుతుండగా చూసి అఖ్రా బిన్ హాబిస్ అనే తెగ నాయకుడు, నాకు పదిమంది పిల్లలున్నారు, ఒక్కరినీ ముద్దు పెట్టుకోలేదని గొప్పగా అన్నాడు. దయ చూపనివానికి దయ దొరకదని ప్రవక్త (స) బదులిచ్చారు.

మన మసీదుల సంగతి ఇక్కడ ఒక మాట అనక తప్పదు. తాత చేయి పట్టుకొని వచ్చిన నాలుగేళ్లవాడు కాస్త నవ్వితే చాలు, వెనుక వరుసకు గెంటేవారున్నారు, ఇంట్లో వదిలి రాకూడదా అని తాతను మందలించేవారూ ఉన్నారు. ఈ హదీసులు చదవక కాదు. చదివినవారే.

అవ్వల విషయానికి వద్దాము. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఒక ముసలమ్మ వచ్చి, చనిపోయిన మనవడి ఆస్తిలో నా వంతు ఏది అని అడిగింది. ఖలీఫా దాచలేదు. అల్లాహ్ గ్రంథంలో నీకు వంతు నాకు కనిపించలేదు, ప్రవక్త ఆచరణలో నాకు తెలిసినది లేదు, తెలిసినవారిని అడుగుతాను, వెళ్లి రమ్మన్నారు. ముగీరా బిన్ షుఅబా (రజి) లేచి, ప్రవక్త (స) అవ్వకు ఆరవ వంతు ఇవ్వగా చూశానన్నారు. నీతోపాటు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) సాక్ష్యం పలికారు. ఆమెకు ఆరవ వంతు దక్కింది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో రెండవవైపు అవ్వ వచ్చింది. ఆ ఆరవ వంతునే ఇద్దరూ ఉంటే సమంగా పంచుకోవాలని తీర్పు అయింది. ఒక వృద్ధురాలు నేరుగా దేశాధిపతి దగ్గరికి వచ్చి తన వంతు అడగడం, ఆయన తనకు తెలియదని ఒప్పుకోవడం, ఇద్దరు సాక్షుల మీద తీర్పు మారడం గమనించదగినవి.

అవ్వ హక్కు ఆస్తితో ఆగలేదు. తల్లి లేని పసిబిడ్డను పెంచే హక్కు హనఫీ ఫిఖ్ ప్రకారం ముందు అమ్మమ్మది, ఆమె లేకుంటే నాయనమ్మది. అక్కచెల్లెళ్లు, పిన్నమ్మలు, మేనత్తలు ఆ తరువాతే. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో దీనిని ఎవరూ గ్రంథం తెరిచి అమలు చేయరు. కొడుకు, కోడలు గల్ఫ్‌కో బెంగుళూరుకో పనికి పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉండిపోతారు. ఆ పిల్లలకు బిస్మిల్లాహ్ నేర్పేది ఆమె. ఖాయిదా పుస్తకంలో అలిఫ్, బే వేలుపెట్టి చూపించేది ఆమె. చదవడం రాని అవ్వ కూడా సూరా ఫాతిహా, నాలుగు చిన్న సూరాలు నోటితో చెప్పి వల్లె వేయిస్తుంది. ఉచ్చారణ తప్పే అవకాశం ఉన్నది, తరువాత మౌల్వీ సాబ్ దిద్దుతాడు. ఆ సూరాలను అవ్వ గొంతుతో విన్న జ్ఞాపకాన్ని మాత్రం ఎవరూ దిద్దలేరు.

ఇక అసలు విషయం. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆళ్లగడ్డ దగ్గర పల్లె నుండి వచ్చిన ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న. నంద్యాలలో ఒక మసీదులో అసర్ నమాజు తరువాత పక్కకు పిలిచి అడిగాడు. “మౌల్వీ సాబ్, నా పెద్దకొడుకు పోయినాడు. ఇద్దరు పిల్లోల్లు, కోడలు నాకాడనే ఉండారు. నేను పోయినాక ఆ పిల్లోల్లకు నా చేనులో ఏమీ రాదంట గదా? మా అబ్బ పేరు చెప్పుకొని తిరిగే పిల్లోల్లకు అబ్బ చేనులో ఏమీ రాకపోవడం ఏంది?”

ఆయనకు ఎవరో చెప్పినది నిజమే. మరణించినవానికి కొడుకు బ్రతికి ఉంటే, ముందే పోయిన ఇంకొక కొడుకు పిల్లలకు వారసత్వంగా వాటా రాదు. దగ్గరివాడు ఉండగా దూరపువాడు రాడన్నది సూత్రం. ఇది మనవలకు ఒక్కరికే పెట్టిన నియమం కాదు. తండ్రి బ్రతికి ఉంటే మనవడి ఆస్తిలో తాతకు కూడా ఏమీ రాదు. కొడుకులెవరూ లేకపోతే మనవడు కొడుకు స్థానంలో నిలబడి, వాటాదారులకు పోగా మిగిలినది తీసుకుంటాడు. సూత్రం అర్థమైనా మనస్సు సమాధానపడదు. ఆ పెద్దాయన మనస్సు సమాధానపడలేదు. నాకూ ఆయన ముందు నిలబడి సూత్రం చెప్పి ఊరుకోవాలనిపించలేదు.

ఎందుకంటే షరీఅత్ అక్కడ ఆగలేదు. వాటా రాదన్న మాట మనకు ఇమామ్ నుండి దర్జీ దాకా అందరికీ తెలుసు. తక్కినది తెలిసినవారు తక్కువ. మొదటిది పోషణ. తండ్రి లేని పేద పిల్లల పోషణ తల్లి, తాత ఇద్దరి మీద ఉంటుంది. హనఫీ గ్రంథాలు దానిని వారసత్వపు పాళ్లలో పంచాయి: తల్లి మీద మూడవ వంతు, తాత మీద మూడింట రెండు వంతులు. ఇది తాత దయ కాదు, అతని బాధ్యత. రెండవది, చనిపోయిన ఆ కొడుకుకు సొంత ఆస్తి ఏమైనా ఉంటే అందులో తండ్రికి ఆరవ వంతు వస్తుంది. అంటే ఈ అనాథల తండ్రి ఆస్తిలో తాత వాటాదారు. ఆ వాటాను పిల్లలకే వదిలిన తాతలు చాలామంది ఉన్నారు. మూడవది, పంపకం జరిగేటప్పుడు వాటా లేని బంధువులు, అనాథలు, పేదలు వస్తే వారికీ అందులోనుంచి ఇవ్వమని, మంచిగా మాట్లాడమని సూరా నిసా 8వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఆ వెంటనే 9వ ఆయత్, తామే బలహీనులైన పిల్లలను వదిలిపోతే ఎంత భయపడతారో ఆ భయంతో మెలగమని హెచ్చరిస్తున్నది. పినతండ్రులు ఈ రెండు ఆయత్‌లను కలిపి చదవాలి.

నాలుగవది, అన్నిటికన్నా గట్టిది, వసియ్యత్. అప్పులు తీర్చాక మిగిలిన ఆస్తిలో మూడవ వంతు వరకు మనిషి తనకు ఇష్టమైనవారికి వ్రాయవచ్చు. వారసులకు వసియ్యత్ చెల్లదు. మనవలు ఇక్కడ వారసులు కారు గనుకనే వారికి చెల్లుతుంది. ఏ నియమం తలుపు మూసిందో అదే ఈ తలుపు తెరిచింది. కోడలు కూడా మామకు వారసురాలు కాదు గనుక ఆమెకూ వ్రాయవచ్చు. మూడవ వంతు కూడా ఎక్కువేనని, వారసులను యాచకులుగా వదలడంకన్నా ఉన్నవారిగా వదలడం మేలని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు ప్రవక్త (స) చెప్పారు. వసియ్యత్ చేయవలసినది ఉన్న ముస్లిం, దానిని వ్రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని ఇంకొక హదీసు.

లెక్క వేసి చూద్దాము. కె.సి. కాలువ కింద ఒకరికి 9 ఎకరాలున్నదనుకొందాము. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. ఇంకొక కొడుకు పిల్లలను వదిలి ముందే పోయాడు. వసియ్యత్ లేకపోతే ఆ పిల్లలకు సెంటు కూడా రాదు. మూడవ వంతు వసియ్యత్ వ్రాస్తే 3 ఎకరాలు వారికి పోతాయి. మిగిలిన 6 ఎకరాల్లో భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 75 సెంట్లు. కొడుకుకు 3 ఎకరాల 50 సెంట్లు, కూతురికి 1 ఎకరా 75 సెంట్లు. ఇప్పుడు ఆ పెద్దకొడుకు బ్రతికే ఉంటే అతనికి ఎంత వచ్చేదో చూడండి. భార్య వంతు పోగా మిగిలినది ఐదు పాళ్లు చేసి ఇద్దరు కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి ఇస్తే అతని వంతు 3 ఎకరాల 15 సెంట్లు. వసియ్యత్‌తో పిల్లలకు దక్కినది దాదాపు తండ్రి వంతే.

ఈ లెక్క ఎవరికీ తట్టనిది కాదు. ఈజిప్టు 1946లో చేసిన 71వ నెంబరు చట్టం దీనిని నిర్బంధం చేసింది. తాత వ్రాయకుండా పోయినా, ముందే మరణించిన కొడుకు లేక కూతురి వాటాను, మూడవ వంతుకు మించకుండా, వారి పిల్లలకు వసియ్యత్ వ్రాసినట్లే భావించి ఇస్తారు. సూరా బఖరా 180వ ఆయత్‌కు ఇమామ్ ఇబ్నె హజ్మ్ చేసిన వ్యాఖ్యానం వారికి ఆధారం. సిరియా, మొరాకో మొదలైన దేశాలు ఆ దారినే నడిచాయి. పాకిస్తాన్ 1961 ఆర్డినెన్సులో వేరే దారి పట్టి, మనవలను నేరుగా తండ్రి స్థానంలో వారసులుగా నిలబెట్టింది. ఖుర్ఆన్ నిర్ణయించిన పాళ్లలో చేయిపెట్టినట్లవుతుందని చాలామంది ఉలమా దానిని ఆక్షేపించారు. నా దృష్టిలో ఈజిప్టు మార్గమే షరీఅత్ అమరికకు దగ్గరగా ఉన్నది.

మన దేశంలో అటువంటి చట్టం లేదు. 1937 షరీఅత్ చట్టం వ్యవసాయ భూములను వదిలివేసింది. నంద్యాల అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లాలో ఉన్నది. (నంద్యాల తానే ఒక జిల్లా అయింది 2022లో.) మద్రాసు శాసనసభ 1949లో సవరణ చేసి ఆ మినహాయింపును తీసివేసింది. కనుక ఇక్కడి చేనుకు, మడికి, ఇంటికి అన్నిటికీ షరీఅత్ పంపకమే వర్తిస్తుంది. అందువలన మనవల సంగతి పూర్తిగా తాత కలం మీద ఆధారపడి ఉన్నది. ఆయన వ్రాస్తే ఉన్నది, వ్రాయకపోతే లేదు.

బ్రతికి ఉండగానే ఇవ్వదలిస్తే హిబా ఉన్నది. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకున్నవాడు అంగీకరించడం, స్వాధీనం చేయడం దానికి మూడు అంగాలు. తండ్రి లేని, వేరే వసీ లేని మైనరు మనవడి ఆస్తికి తాతే సంరక్షకుడు గనుక, తాను ఇచ్చినది తానే వాని తరఫున స్వాధీనంలో ఉంచుకోవచ్చు. నోటిమాట హిబా కూడా చెల్లుతుంది గాని, భూమి విషయంలో రిజిస్టరు చేయించడమే మంచిది. నోటిమాటకు సాక్షులు కూడా ఒకనాటికి పోతారు. పిల్లల మధ్య కానుకల్లో సమానత్వం పాటించాలని హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రికి ప్రవక్త (స) చేసిన హెచ్చరికను ఇక్కడ మరువరాదు. ఒక మనవడిని ముద్దుచేసి ఇంకొకడిని ఏడిపించడానికి హిబా సాధనం కాకూడదు.

ప్రేమ పైనుంచి కిందికి ప్రవహించినంత సులభంగా కిందినుంచి పైకి పోదు. ఇది అందరికీ తెలిసినదే గనుక ఖుర్ఆన్ పిల్లలను ప్రేమించమని తల్లిదండ్రులకు పదేపదే చెప్పలేదు, తల్లిదండ్రుల విషయం మాత్రం పిల్లలకు మళ్లీ మళ్లీ చెప్పింది. సూరా బనీ ఇస్రాయీల్ 23, 24 ఆయత్‌లలో ముసలితనానికి చేరిన వారిని ‘ఉఫ్’ అని కూడా అనరాదని, వారి ముందు వినయపు రెక్కను దించి ఉంచాలని ఆదేశం ఉన్నది. ఆ రెక్క మాటను కొందరు అనువాదకులు తీసివేసి ‘వినయంతో మెలగండి’ అని సరిపెట్టారు. ఉంచితేనే బాగుంటుందని నా అభిప్రాయం. కోడి పిల్లలను రెక్కల కింద పెట్టుకోవడం మన ఇళ్ల ముందు రోజూ చూస్తాము. ఒకప్పుడు వారి రెక్కల కింద పెరిగినవాడు ఇప్పుడు తన రెక్క వారి మీద దించాలి. పసితనంలో నన్ను పెంచినట్లే వీరిని కరుణించు అని వెంటనే వచ్చే దుఆతో అది చక్కగా కలుస్తుంది.

దించనివారి కోసం ప్రభుత్వం 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం చేసింది. అది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. 60 ఏళ్లు నిండి, తమ సంపాదనతో బ్రతకలేని వారు పిల్లల మీద ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. చట్టం చెప్పిన ‘పిల్లలు’ అన్న మాటలో మేజరైన మనవడు, మనవరాలు కూడా ఉన్నారు. చూడండి, అరబీ ‘అబ్’ తాత దాకా పైకి పోయినట్లు ఈ చట్టంలో ‘పిల్లలు’ మనవల దాకా కిందికి వచ్చింది. పోషణ మొత్తం నెలకు 10,000 రూపాయల లోపు నిర్ణయిస్తారు. అదే చట్టం 23వ సెక్షన్ ప్రకారం, తనను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి వ్రాసి ఇచ్చిన వృద్ధుడు, ఆ షరతు తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. షరతు కాగితంలో కనిపించాలి. హిబాలో షరతు పెట్టడం గురించి ఫిఖ్‌లో వేరే చర్చ ఉన్నది గనుక వ్రాయించేముందు ఆలిమ్‌ను, వకీలును ఇద్దరినీ అడగడం అవసరం.

ఆ పెద్దాయనకు నేను ఇవన్నీ చెప్పలేదు. వసియ్యత్ సంగతి, మూడవ వంతు లెక్క మాత్రం చెప్పాను. ఆయన వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకొని వెళ్లిపోయాడు. వారం తరువాత చిన్నకొడుకును వెంటబెట్టుకొని వచ్చి కాగితం వ్రాయమన్నాడు. ఇద్దరు సాక్షులు కూర్చున్నారు. మూడవ వంతుకు వారసుల అనుమతి అవసరం లేకపోయినా, కొడుకు వినాలని ఆయనే పట్టుబట్టాడు. చదివి వినిపించాను. కొడుకు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. చివరికి, “నాయనా, చేను రాయిస్తివి, బోరు నీళ్ల సంగతి రాయించలేదే. వారంలో మూడు దినాలు ఆ పిల్లోల్లకు అని రాయించు. లేకుంటే రేపు నా పిల్లోల్లు నీళ్లియ్యరు” అన్నాడు.

ఆ వాక్యం కూడా చేర్చి, ఇద్దరు సాక్షుల చేత మళ్లీ వేలిముద్ర, సంతకం పెట్టించాము.